మూడో నంబరు ట్యాంకు మీది తేనెపట్టు

ముప్పై మూడేళ్ల సర్వీసులో నాకు వచ్చిన మెమో ఒకే ఒక్కటి. అది తేనెటీగల వల్ల వచ్చిందంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. "ఈగలు కుడితే మెమో ఇస్తారా తాతా?" అని మా మనవరాలు అడిగింది. "కుట్టనందుకే ఇచ్చారమ్మా" అన్నాను. దానికి అర్థం కాలేదు. మీకు అర్థం కావాలంటే మొదటి నుంచి చెప్పాలి.

ఇన్‌స్ట్రుమెంటేషన్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు వికారాబాద్‌లో మా ఇంటికి వస్తుంటారు. పెట్రోలు డిపోలో అన్నేళ్లు పనిచేశారు కదా, ఏదైనా పెద్ద ప్రమాదం గురించి చెప్పండి అంటారు. నా సర్వీసులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, జరగకుండా తప్పిపోయిన ప్రమాదమే. ఎందుకు జరగలేదో కూడా నాకు సరిగా తెలియదు. మా తెలివి వల్ల మాత్రం కాదు.

మా డిపో వికారాబాద్‌కూ తాండూరుకూ నడుమ, రైలు పట్టాలను ఆనుకుని ఉండేది. వ్యాగన్లలో పెట్రోలు, డీజిలు వచ్చేవి. వాటిని పెద్ద ట్యాంకుల్లోకి ఎక్కించి, అక్కడి నుంచి లారీ ట్యాంకర్లకు నింపి పరిగి వైపు, తాండూరు వైపు బంకులకు పంపేవాళ్లు. నింపేవాళ్లు వేరు, పంపేవాళ్లు వేరు. మాది కొలిచే పని. ఏ ట్యాంకులో ఎంతుంది, ఏ వాల్వు తెరిచి ఉంది అన్నది కంట్రోల్ రూం తెర మీద ఉన్నది ఉన్నట్టు కనిపించేలా చూడటం.

మీ ఇంటి మీది నీళ్ల ట్యాంకులో ఒక బంతి ఉంటుంది చూడండి, నీళ్లు నిండితే తేలి కుళాయి మూసేస్తుంది. మా పెట్రోలు ట్యాంకుల నెత్తిన కూడా అలాంటిదే ఒకటి ఉండేది. మామూలుగా మట్టం ఎంతో రాడార్ చెబుతుంది. ఆ రాడార్ ఎప్పుడైనా మొరాయించి తప్పు అంకె చూపినా, పెట్రోలు పై అంచుకు చేరేలోపు ఈ బంతి లేవాలి. అది లేస్తే సైరన్ మోగి, లోపలికి వచ్చే వాల్వు దానంతట అదే మూసుకోవాలి. అదీ పనిచేయకపోతే పెట్రోలు పొంగి ట్యాంకు ఒంటి మీదుగా కిందికి కారుతుంది. ఆ తరువాత చిన్న నిప్పురవ్వ చాలు. అందుకని మూడు నెలలకోసారి మేము ట్యాంకెక్కి, బంతికి కట్టిన పిడిని చేత్తో పైకి లాగి, సైరన్ మోగిందా, వాల్వు మూసుకుందా చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. అరగంట పని.

మూడో నంబరు ట్యాంకు మీద ఆ స్విచ్ ఓ అంచున, చిన్న ఇనుప మెట్టు పక్కన ఉండేది. ఒక చలికాలం ఆ మెట్టు కింద పెద్ద తేనెటీగలు పట్టు పెట్టాయి. చేటంత పట్టు. రోజూ టేపు దించి మట్టం సరిచూసుకునే నింపేవాళ్లకు ఇబ్బంది లేదు, వాళ్లు పక్క ట్యాంకు నుంచి నడకవంతెన మీదుగా వచ్చి ఇవతలి వైపే కొలుచుకుని పోయేవారు. ఇబ్బందల్లా మాకే. ఆ ఏడాది రంగు వేయడానికి ఎక్కిన పెయింటరును ఈగలు కుట్టి కుట్టి వదిలాయి. పాపం వారం రోజులు వికారాబాద్ ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ తరువాత అటువైపు ఎవరూ పోలేదు.

మా టెక్నీషియన్ పెద్దేముల్ మనిషి. నాకన్నా రెండేళ్లు పెద్ద, అందుకే 'అన్నా' అనేవాణ్ని. పదకొండేళ్లు కాంట్రాక్టు మీద చేసి, అప్పుడప్పుడే పర్మనెంటు అయ్యాడు. చేతి పనిలో అతన్ని మించినవాణ్ని నేను చూడలేదు. టెస్టు రోజు వచ్చింది. ఇద్దరం ట్యాంకు కింద నిలబడి పైకి చూశాం. నల్లగా, కదులుతూ, పట్టు వేలాడుతోంది.

"సార్, పైకి పోవుడు ఎందుకు? స్విచ్ వైర్లు కింద డబ్బాలకే వస్తయ్ గద. గీడ రెండు వైర్లు కలిపితే సైరన్ మోగుతది, వాల్వు మూసుకుంటది. గంతే గద మనకు కావాల్సింది" అన్నాడు.

మంచి ఉపాయమే అనిపించింది. వైరు ముక్క పెట్టి కలిపాడు. సైరన్ మోగింది. వాల్వు మూసుకుంది. రిజిస్టరులో 'ఫ్లోట్ లేపి చూడటమైనది, సరిగా ఉన్నది' అని అచ్చు వేసిన వాక్యం కింద నేను సంతకం పెట్టాను. ఈ ఒక్కసారికే అనుకున్నాను.

ఆ తరువాతి మూడు నెలలకు కూడా ఈగలు అక్కడే ఉన్నాయి. మళ్లీ అదే చేశాం. అక్కడిదాకా ఎవరైనా నన్ను క్షమిస్తారేమో. కానీ వానాకాలం వచ్చాక ఈగలు లేచి వెళ్లిపోయాయి. ఖాళీ పట్టు కొన్నాళ్లు వేలాడి, ఒక గాలివానకు రాలిపడింది. ట్యాంకు మీద ఇప్పుడు ఏ భయమూ లేదు. అయినా మేము ఎక్కలేదు! కింద వైర్లు కలపడం అలవాటైపోయింది. నీడలో నిలబడి రెండు నిమిషాల్లో అయిపోయే పనికి మెట్లెక్కి చెమటలు పట్టించుకోవడం దేనికి? ఆ వానాకాలంలో ఒకసారి, దసరా ముందు ఒకసారి అలాగే సంతకాలు పెట్టాను. చలి మొదలవగానే ఈగలు మళ్లీ వచ్చి, అదే మెట్టు కింద, అదే చోట పట్టు పెట్టాయి. నిజం చెప్పాలంటే వాటిని చూసి నాకు కొంత ఊరటగా కూడా అనిపించింది.

ఆ జనవరిలోనే తాండూరు నుంచి ఒక అమ్మాయి మా దగ్గర ట్రైనీ ఇంజనీరుగా చేరింది. సన్నగా, మాట తక్కువగా ఉండేది. రోజూ తాండూరు నుంచి ప్యాసింజరులో వచ్చేది. వాళ్ల నాన్న నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో కూలి, తల్లి చర్చి నడిపే బడిలో ఆయా. టెస్టు రోజున ఆ అమ్మాయిని టెక్నీషియన్‌తో పంపి, నేను ఆఫీసులో వేరే పని చూసుకుంటున్నాను. గంట తరువాత ఇద్దరూ వచ్చారు. టెక్నీషియన్ మొహం ఎర్రగా ఉంది. రిజిస్టరు నా బల్ల మీద పెట్టాడు. ఆమె సంతకం ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది.

"ఏమైందమ్మా, సంతకం పెట్టలేదు?"

"సార్, మేం కింద డబ్బాల రెండు వైర్లు కలిపినం. సైరన్ మోగింది, వాల్వు మూసుకుంది. గీడ మాత్రం 'ఫ్లోట్ లేపి చూడటమైనది' అని ఉన్నది. ఫ్లోట్ నేను చూడలే సార్."

"పైకి పోతే ఈగలు కుడ్తయ్ మేడం" అని టెక్నీషియన్ అందుకున్నాడు. "పెయింటరు సచ్చి బతికిండు. పోతవా నువ్వు?"

"పోనన్నా. నాకు భయమే. కని భయమైతే పోలేదని రాయాలె, పోయినమని రాస్తమా?"

నిన్న మొన్న చేరిన పిల్ల నా బల్ల ముందు నిలబడి ఈ మాట అనేసరికి నాకు కోపం వచ్చింది. నేను వయసులో పెద్ద, హోదాలో పెద్ద. "సరే, నువ్వు పెట్టకు. నేను పెడత" అని పెన్ను తీశాను.

"పెట్టండి సార్" అంది. ఎత్తిపొడుపేమీ లేదు ఆ గొంతులో. "ఒక్కటి చెప్పండి సార్, గా బంతి లేస్తదా?"

నేను రిజిస్టరు వైపు చూశాను. లేస్తుందని అనడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆమె తలొంచుకుని చెప్పింది. "మా నాయన రాయి కోసే మెషిన్ కాడ చేస్తడు సార్. దానికి ఆపే బటన్ ఉండె. బటన్ల లైటు రోజూ ఎలుగుతుండె. లైటు ఎలుగుతుంది గద, బటన్ మంచిగనే ఉన్నదనుకున్నరు అందరు. ఒకదినం నాయన చెయ్యి మెషిన్ల పడ్డంక నొక్కితే ఆగలే. రెండు వేళ్లు పోయినయ్."

టెక్నీషియన్ బయటికి వెళ్లిపోయాడు. నేను పెన్ను మూత పెట్టాను.

మర్నాడు మేనేజరుగారి దగ్గరికి వెళ్లి, మూడో ట్యాంకు మీది ఈగలను తీయించాలని చెప్పాను. అసలు సంగతి చెప్పలేదు, ధైర్యం చాలలేదు. ఆయన గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. "తీయించండి. కానీ వారంలో వ్యాగన్లు వస్తాయి, పెట్రోలు మూడో ట్యాంకులోకే ఎక్కించాలి. ఆలోపు అయిపోవాలండీ" అన్నారు.

కర్ణాటక సరిహద్దు పల్లె నుంచి తేనె తీసే ముసలాయన్ను పిలిపించాం. గొంగడి కప్పుకుని, చంకలో ఎండుగడ్డి కట్టతో వచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతని అగ్గిపెట్టె, బీడీలు, గడ్డి కట్ట, అన్నీ తీసేసుకున్నాడు.

"బెంకి బ్యాడా?" అన్నాడు ముసలాయన కన్నడంలో, నమ్మలేనట్టు. తరువాత తెలుగులో నన్నడిగాడు. "అగ్గి వద్దా సారూ? పొగ పెట్టకుంటే ఈగలెట్ల పోతయ్?"

"ఇది పెట్రోలు డిపో తాతా. అగ్గి పెడితే ఈగలతోపాటు మనమందరం పోతం."

పకపకా నవ్వాడు. ఫైరు పైపుతో నీళ్లు కొట్టిస్తానని నా తెలివి నేను చూపించాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "నీళ్లు కొడ్తె పగ పడ్తయ్. టేషన్ దాంక తరుముతయ్. ఒద్దు. రేపు పొద్దుగాల మంచుల వస్త. చలికి అవిటికి రెక్కలాడవు."

అన్నట్టుగానే తెల్లవారుతుండగా వచ్చాడు. ఊరంతా మంచు కమ్మి ఉంది. గొంగడి నెత్తిన కప్పుకుని, పచ్చి ఆకుల మండ ఒక చేత, వెదురు బద్దతో చేసిన కత్తి ఒక చేత పట్టుకుని పైకెక్కాడు. మా రూలు ప్రకారం ట్యాంకు మీద నిప్పురవ్వ రాని పనిముట్లే వాడాలి. వాటిని మేము ఎంతో దూరం నుంచి తెప్పిస్తాం. ఇతను వెదురు బద్దతో వచ్చాడు. మా ట్రైనీ అది చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ అమ్మాయి నవ్వగా చూడటం నాకదే మొదలు.

ముసలాయన ఆకుల మండతో ఈగలను మెల్లగా జరిపి, తేనె ఉన్న భాగం వరకు కోసుకుని బిందెలో వేసుకుని దిగాడు. మోచేతికి రెండు కాట్లు, అంతే. "తేనె తీసినంక గాడ ఉండవు. రెండు మూడు దినాలల్ల ఎల్లిపోతయ్. ఫికర్ జెయ్యకుర్రి" అన్నాడు.

రెండు రోజులు గడిచాయి, ఈగలు పోలేదు. మూడో రోజూ పోలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఎండ ముదిరాక, పెద్ద శబ్దంతో మొత్తం గుంపు ఒక్కసారిగా లేచి కందిచేల మీదుగా అనంతగిరి కొండల వైపు పోయింది. సరిగ్గా ఆ గంటలోనే ఇంజను వ్యాగన్లను తెచ్చి మా పట్టాల మీద నిలబెట్టింది.

మేనేజరుగారు ఫోన్ చేశారు. "మొదలుపెట్టమంటారా?"

"మూడో ట్యాంకులోకి వద్దు సార్. ఒక గంట ఆగాలి" అన్నాను.

ముగ్గురం ఎక్కాం. నాకు అప్పటికే మోకాలి నొప్పి, చివర ఎక్కాను. మెట్టంతా మైనంతో జిగురుగా ఉంది. టెక్నీషియన్ స్విచ్ పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. కదల్లేదు. మూత విప్పి చూస్తే రబ్బరు చుట్టు ఎప్పుడో చిట్లి వాన నీళ్లు లోపలికి పోయాయి. కడ్డీ, స్ప్రింగు తుప్పుపట్టి ఒకే ముద్దయ్యాయి. పెట్రోలు ట్యాంకు అంచు దాటి పొంగినా ఆ బంతి లేచేది కాదు. ఎన్ని నెలల నుంచి అలా ఉందో చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఉన్న ఒకే ఆధారం నా సంతకాలు, అవేమో అన్నీ బాగుందనే చెబుతున్నాయి.

ఆ ఏడాదిలో ఆ ట్యాంకును ఎన్నిసార్లు నింపామో లెక్కపెట్టబోయి ఆపేశాను. కింద లారీల వాళ్లు వరసలో నిలబడి కబుర్లాడుకుంటున్నారు. క్యాంటీన్ నుంచి పోపు వాసన వస్తోంది.

టెక్నీషియన్ హెల్మెట్ తీసి, ట్యాంకు మీదే కూర్చుండిపోయాడు. "నా చేత్తోనే కలిపిన సార్ వైర్లు" అన్నాడు. కాసేపటికి మళ్లీ తనే, "రేపటికల్ల కొత్తది పెడ్త. మంచిగ పనిచేస్తది. పాత ముచ్చట ఎందుకు ఎత్తాలె సార్? ఎవలికి ఎరుక?" అన్నాడు. ఆ అమ్మాయి వినపడనట్టు అటు తిరిగి రైలు పట్టాల వైపు చూస్తోంది. మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని అలా చేసిందనుకుంటాను.

ఎవరికీ తెలియదన్నది నిజమే. పదవీ విరమణకు నాకు ఐదారేళ్లు ఉన్నాయి. ఒక ప్రమోషన్ దగ్గరలో ఉంది. స్విచ్ మార్చి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ అలాంటి డిపోలు మాకు చాలా చోట్ల ఉన్నాయి, వాటి మీదా ఇలాంటి స్విచ్‌లే ఉన్నాయి. ట్యాంకు కింది నీడ ఎంత హాయిగా ఉంటుందో మాకు తెలిసినట్టే అక్కడి వాళ్లకూ తెలిసి ఉంటుంది కదా!

"నా ఉద్యోగం పోతదా సార్?" అన్నాడు టెక్నీషియన్, నా మొహం చూసి.

"నువ్వు ఉపాయం చెప్పినవన్నా. సరే అన్నది నేను. సరే అనే అధికారం నీకు లేదు, నాకే ఉన్నది. గట్లనే రాస్త" అన్నాను.

కిందికి దిగి, చేతులు కూడా కడుక్కోకుండా కాగితం రాశాను. నాలుగుసార్లు ట్యాంకు ఎక్కకుండానే సంతకం పెట్టానని, ఆ పద్ధతికి ఒప్పుకున్నది నేనేనని, స్విచ్ తుప్పుపట్టి పనిచేయకుండా ఉందని రాశాను. మేనేజరుగారు రెండుసార్లు చదివారు.

"ఇది నా చేతికిస్తే నేను పైకి పంపక తప్పదు. తెలుసు కదండీ?"

"తెలుసు సార్."

"కావాలంటే వెనక్కి తీసుకోండి. నేను చూడలేదనుకుంటాను."

"పంపండి సార్" అన్నాను.

ఆయన ఫోన్ తీసి, పెట్రోలు రెండో ట్యాంకులో పట్టినంత వరకే ఎక్కించమని, మిగతా వ్యాగన్లు ఆపమని చెప్పారు. కొత్త స్విచ్ వచ్చేదాకా మూడో ట్యాంకు తెరవలేదు.

హైదరాబాద్ నుంచి విచారణకు ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. అందరినీ విడివిడిగా అడిగాడు. ట్రైనీని సంతకం ఎందుకు పెట్టలేదని అడిగితే "చూడలే కాబట్టి సార్" అని ఊరుకుందట. ఇంకేమైనా చెప్తావా అంటే "లేదు సార్" అందట. నాకు మెమో వచ్చింది, ఘాటుగానే ఉంది. ప్రమోషన్ ఆగిపోయింది, చివరిదాకా రానే లేదు. టెక్నీషియన్‌ను నోటిమాటగా హెచ్చరించి వదిలేశారు. ఆ తరువాత అన్ని డిపోలకూ ఉత్తర్వు వచ్చింది, ఇకపై ట్యాంకెక్కి బంతిని చేత్తో లేపే చూడాలని. కొన్ని చోట్ల ఇలాగే మొరాయించిన స్విచ్‌లు దొరికాయని తరువాత విన్నాను.

ప్రమోషన్ పోయినందుకు బాధపడ్డాను, దాచడమెందుకు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, "పోనీయండి, నిద్రయితే పడుతుంది కదా" అంది. నిజంగానే పట్టింది.

ఎక్కువ బాధపడింది ఆ అమ్మాయి. క్యాంటీన్‌లో ఆమె కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. ఆమె వల్లనే సారుకు ప్రమోషన్ పోయిందని గుసగుసలు. నేను నా టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లి ఆమె ఎదురుగా కూర్చునేవాణ్ని. నెల రోజుల తరువాత ఒక మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చి మా పక్కన కూర్చున్నాడు. మూట విప్పి, రెండు జొన్నరొట్టెలు, ఎర్ర కారం ఆమె ముందు పెట్టాడు. "మా ఇంటామె నీకని చేసింది బిడ్డా. తిను" అన్నాడు. అప్పటిదాకా అతను ఆమెను మేడం అనేవాడు, అదీ పళ్లు కొరుకుతూ.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో మీకు ఎన్నో మీటర్లు, తెరలు, లైట్లు ఇస్తారు. వాటిని నమ్మవద్దని నేను అనను. నా జీవితమంతా వాటినే నమ్మాను, అవి నన్ను పెద్దగా మోసం చేయలేదు. మోసం చేసింది నేనే. అది కూడా దుర్మార్గంతో కాదు, నీడ బాగుందని. ఇంతకన్నా గొప్ప సంగతి చెప్పలేనందుకు ఏమనుకోవద్దు.

ఏప్రిల్‌లో మళ్లీ టెస్టు వచ్చింది. కొత్త స్విచ్‌కు మూడు నెలల తరువాతి మొదటి పరీక్ష అది. ఎండకు మెట్లు కాలిపోతున్నాయి. నేనూ ట్రైనీ పైన, టెక్నీషియన్ కింద వాల్వు దగ్గర. "మీరే లాగండి సార్" అందామె. పిడి పట్టుకుని లాగాను. వెన్నలా పైకి లేచింది. సైరన్ ఒక్కపెట్టున డిపో దద్దరిల్లేలా మోగింది.

"మూసుకున్నది సార్! నా కండ్లతోని చూస్తున్న!" అని కింద నుంచి టెక్నీషియన్ అరిచాడు.

ఆ సంతోషంలో మాకు అప్పుడు గుర్తొచ్చింది, టెస్టు చేస్తున్నామని ముందుగా ఎవరికీ చెప్పలేదని. పైనుంచి చూస్తే లారీ డ్రైవర్లు, క్లీనర్లు, క్యాంటీన్ వాళ్లు అందరూ గేటు వైపు పరుగు తీస్తున్నారు. ఒకాయన ఎంగిలి చేత్తో, సగం తిన్న అన్నం పళ్లెంతో సహా పరుగెత్తుతున్నాడు. నేను మోకాలి నొప్పితోనే గబగబా దిగి, గేటు దగ్గరికి పోయి అందరికీ దండం పెట్టాను. కొందరు తిట్టారు, తిట్టాల్సిందే. పరిగి వైపు లారీ నడిపే పెద్ద వయసు డ్రైవరు ఒకతను రొప్పుతూ నా దగ్గరికి వచ్చాడు.

"పెట్రోల్ పొంగిందా సార్?"

"లేదన్నా. పొంగేలోపు ఆగుతదా లేదా అని చూసినం."

"మరి ఆగుతదా?"

"ఆగుతది" అన్నాను.

"గట్లయితె మంచిదే" అని, భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని, తన లారీ వైపు నడిచాడు.